సజ్జ మీది క్యాసెట్లలో తొంభైల పాప్ పాటలు: తిరిగి వినే పద్ధతి

సినిమా పాటైతే హీరో పేరుతోనో సినిమా పేరుతోనో దొరుకుతది. తొంభైల ఇండిపాప్‌కు, బ్యాండ్ల ప్రైవేటు ఆల్బమ్‌లకు ఆ ఆసరా లేదు. పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్ళల్లో చాలామంది ఇళ్ళల్లో ఉన్నవి షాపులో పాటల చిట్టీ రాసిచ్చి నింపించుకున్న క్యాసెట్లు. పైన రాసిన పేర్లు ఎప్పుడో చెరిగిపోయి ఉంటయి. అందుకే ముందు రీలును సరిగ్గా మోగించాలి, పేరు తర్వాత.

మొదటి పని, క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టండి. ఇక పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరగదు. తర్వాత రీలు చూడండి. తెల్లటి బూజు ఉంటే మెషీన్‌లో పెట్టొద్దు, అది హెడ్‌కు (రీలును తాకి పాటను చదివే భాగం) అంటుకొని తర్వాతి క్యాసెట్లకూ పాకుతది. మే ఎండల్లో రేకుల కింద ఏండ్లు ఉన్నవాటికి ఇంకో రోగం: రీలు వెనక ఉండే చిన్న స్పాంజి జిగురు ఎండి రాలిపోతది. అది లేకుంటే పాట గుసగుసలాగ వినిపిస్తది. 5 స్క్రూల డబ్బా అయితే విప్పి, రెండు చక్రాలనూ మంచి డబ్బాలోకి మార్చండి. అతికించిన డబ్బాను బ్లేడుతో తెరవాల్సిందే. తర్వాత చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పాలి. సీ-90 (90 నిమిషాల) రీలు పలచన, తొందరగా చిక్కుపడుతది. దాన్ని పెన్సిల్‌తో తిప్పడమే నయం.

టేప్ రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తరు. రబ్బరు రోలర్‌కు తడిగుడ్డ చాలు.

శుభ్రం చేసినా గొంతు దుప్పటి కప్పినట్టుంటే, రికార్డు చేసిన మెషీన్ హెడ్ వంపు, మీ మెషీన్ వంపు కలవనట్టు. హెడ్‌కు రెండు స్క్రూలుంటయి. స్ప్రింగ్ ఉన్నదాన్ని, పాట మోగుతుండగా, పావు చుట్టులోపల అటూ ఇటూ మెల్లగా తిప్పండి. తాళాల శబ్దం ఎక్కడ తేటగా వస్తే అక్కడ ఆపండి. కంపెనీ క్యాసెట్ పెట్టేటప్పుడు మళ్ళీ సర్దుకోవాలి.

ఇక కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో వైరు పెడితే మోనో వస్తది, పైగా పగిలిన గొంతు. లైన్-ఇన్ (టేప్ రికార్డర్ వైరు పెట్టే స్టీరియో రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. చౌకవాటిలో మైక్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంటది, పెట్టె మీద చదివి తీసుకోవాలి. టేప్ రికార్డర్ వాల్యూమ్ సగం, బాస్ బూస్ట్ బంద్. అడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44,100 హెర్ట్జ్, స్టీరియో పెట్టి, పెద్ద శబ్దం కూడా -6 డీబీ (డెసిబెల్) దాటకుండా చూడండి. 30 నిమిషాల సైడు వేవ్ ఫైలుగా దాదాపు 300 ఎంబీ అవుతది. బుస్సుమనే చప్పుడు తగ్గించాలంటే పాటల మధ్య ఖాళీలో 1 సెకను నమూనా తీసుకొని, 8-10 డీబీ వరకే తగ్గించండి. అంతకు మించితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటది.

వేగం మాత్రం తప్పకుండా సరిచూడాలి. టేప్ రికార్డర్ లోపలి బెల్టు సాగితే పాట నెమ్మదిస్తది, అట్లాంటి పాటను షాజామ్ (పాట విని పేరు చెప్పే యాప్) గుర్తుపట్టకపోవచ్చు. అదే సైడులో తెలిసిన పాట ఒక్కటున్నా, ఉదాహరణకు 1995 నాటి అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’, అదే కొలబద్ద. పాటలు వినే యాప్‌లో 290 సెకన్లున్న పాట మీ రీలులో 300 సెకన్లయితే, వేగం 3.4 శాతం పెంచాలి. ‘చేంజ్ స్పీడ్’ వాడండి, ‘చేంజ్ టెంపో’ శ్రుతిని అట్లనే వదిలేస్తది.

ఇప్పుడు షాజామ్‌కు వినిపించండి. రీలే లేక రాగం ఒక్కటే మనసులో ఉంటే గూగుల్ యాప్‌లో 10-15 సెకన్లు కూనిరాగం తీయండి. షాజామ్‌కు కూనిరాగం పనికిరాదు, దానికి అసలు రికార్డే కావాలి. దొరికింది కదా అని ఆగొద్దు, యాప్‌లు ఒక్కోసారి రీమిక్స్‌నే ముందు చూపిస్తయి. కంపెనీ క్యాసెట్ కార్డు మీద వలయంలో ‘పీ’ పక్కనున్న ఏడాదితో (ఆ రికార్డింగ్ విడుదలైన ఏడాది) పోల్చండి. ‘బెస్ట్ ఆఫ్’ ఆల్బమ్‌కు వేసే ఏడాది తరచుగా ఆ సంకలనం వచ్చినదే.

అయినా పేరు తేలకుంటే ఫైలుకు ఆనవాళ్ళే పేరుగా పెట్టండి: ‘నీలం డబ్బా, బీ సైడు, 3వ పాట, ఆడగొంతు, వేణువు’.