‘కెదార్’ను తెలుగు మీదుగా నేర్చుకోవడం

స్పానిష్ నిఘంటువులో ‘కెదార్’ అనే క్రియ దగ్గర మిగలడం, ఫలానా చోట ఉండడం, నప్పడం, కలుసుకోవాలని అనుకోవడం వంటి అర్థాలు ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. వాటిని ఆ వరుసలోనే కంఠస్థం చేయడం వృథా ప్రయాస. నెమ్మదింపజేయడం అనే అర్థమున్న లాటిన్ మాట ‘క్వియెతారే’ నుంచి ఇది పుట్టింది కనుక, కదలిక ఆగాక నిలిచి ఉండేది అన్న భావాన్ని మూలంగా పెట్టుకుంటే మిగతావి దాని చుట్టూ చేరతాయి. లాటిన్‌లో ఉన్న ‘క్వ’ ఇందులో లేదు కాబట్టి ‘క్వెదార్’ అని పలకకూడదు.

ముందుగా మిగలడం అనే అర్థాన్ని పట్టుకోవాలి, ఎందుకంటే ఇక్కడ తెలుగువారికి వ్యాకరణం దాదాపు ఉచితంగా దొరుకుతుంది. ‘మే కెదా ఊన్ దియా’ అంటే నాకు ఒక రోజు మిగిలింది. ‘మే కెదాన్ దోస్ దియాస్’ అంటే నాకు రెండు రోజులు మిగిలాయి. మన ‘నాకు’ ఉన్నచోట ‘మే’ ఉంది, క్రియ కూడా మన వాక్యంలో లాగానే మనిషిని బట్టి కాక మిగిలిన వస్తువును బట్టి మారింది. ఇంగ్లిషు మీదుగా వెళ్లేవారు ఈ వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి, మనకు ఆ అవసరం లేదు. దుస్తులు నప్పడానికీ ఇదే అమరిక: ‘తే కెదా బియెన్’ అంటే అది నీకు బాగా నప్పింది.

ఒక స్థలం ఎక్కడుందో అడగడానికి ‘దోందే కెదా లా ఎస్తాసియోన్?’ అంటారు, అంటే స్టేషన్ ఎక్కడుంది అని. మనుషులకు, కదిలే వస్తువులకు ఈ ప్రయోగం చెల్లదు. వాటికి ‘ఉండు’ అనే అర్థమున్న మరో క్రియ ‘ఎస్తార్’ వాడాలి.

అసలు చిక్కు ‘కెదార్సే’ అనే ఆత్మార్థక రూపంలో, అంటే కర్తనే తిరిగి సూచించే ‘మే’, ‘సే’ వంటి మాట చేరిన రూపంలో ఉంది. దీనికి దగ్గరి తెలుగు మాట ‘ఉండిపోవడం’. ‘మే కెదో ఎన్ కాసా’ అంటే నేను ఇంట్లోనే ఉండిపోతాను. ‘సే కెదో దోర్మీదో’ అంటే నిద్రపోయాడు. ఇక్కడ ‘కెదో’లో చివరి అచ్చును ఒత్తి పలికితే భూతకాలం, లేకపోతే ‘నేను’కు వర్తమానం. మన ‘పోవు’ చేరినప్పుడు వచ్చే స్థితి మార్పు ఇందులోనూ వినిపిస్తుంది.

చిన్న ‘మే’ ఎంత మారుస్తుందో చూడండి. ‘కెదో కోన్ ఆనా’ అంటే కలుసుకోవాలని ఆనాతో అనుకుంటాను. ‘మే కెదో కోన్ ఆనా’ అంటే ఆనా దగ్గరే ఉండిపోతాను. వస్తువు విషయంలో ‘మే కెదో కోన్ ఎస్తే’ అంటే దీన్ని నేనే ఉంచుకుంటాను. ఈ మూడింటినీ పక్కపక్కన రాసి, బిగ్గరగా చదివి సాధన చేయడం మేలు.

కలుసుకోవడం అనే అర్థం స్పెయిన్‌లో నిత్యం వినిపిస్తుంది. ‘కెదామోస్ ఆ లాస్ ఓచో?’ అంటే ఎనిమిదింటికి కలుద్దామా అని. అయితే ‘కెదామోస్’ వర్తమానంలోనూ భూతకాలంలోనూ ఒకే రూపం కనుక, పక్కన ‘ఆయేర్’, అంటే నిన్న, వంటి కాలవాచకం ఉందేమో చూసి అర్థం తేల్చుకోవాలి.