పంచాంగంతో పోటుపాట్లు, 3వ పాఠం: మెరైన్లు దిగిన రోజు తిథి ఏమిటి?

సముద్రానికి రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు తగ్గడం) ఎందుకొస్తాయో పోయిన పాఠంలో చూశాం. ఈసారి తిథి చూసి పోటు ఎంత ఎక్కుతుందో అంచనా కట్టడం. బెజవాడ వాళ్లకు ఇది కొత్తే. మన దగ్గర కృష్ణ బ్యారేజీ గేట్ల మాట వింటుంది గానీ చంద్రుడి మాట వినదు. వీలైతే ఒకసారి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికి వెళ్లి చూడండి.

అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత రెండు మూడు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటులో నీళ్లు బాగా లాగేస్తాయి. అష్టమి ప్రాంతంలో రెండూ మందకొడి. పోటు టైము రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అంటే రెండు ఘడియల పైమాట. ఓసారి పౌర్ణమి మర్నాడు పొడి ఇసుకే కదా అని చెప్పులు వదిలి టీ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి ఒకటే మిగిలింది.

నాది చెప్పుతో పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 నవంబరు 20న అమెరికా మెరైన్లు (సముద్రం మీంచి దిగి పోరాడే సైనికులు) పసిఫిక్‌లో జపాన్ చేతిలో ఉన్న తరావా దీవుల్లో దిగారు. అది కృష్ణపక్షం అష్టమి ప్రాంతం, పైగా చంద్రుడు భూమికి బాగా దూరంగా ఉన్న రోజు, అంటే పోటు ఇంకా మందకొడి. పడవలు తేలడానికి దాదాపు 4 అడుగుల నీళ్లు కావాలి, పగడపు దిబ్బ మీద అన్ని లేవు. చైన్ల మీద నడిచే బండ్లు దిబ్బెక్కి దాటాయి. మిగతావాళ్లు తుపాకులు నెత్తిన పెట్టుకుని, మెషిన్ గన్లకు ఎదురుగా సుమారు 500 గజాలు నీళ్లలో నడిచారు. 76 గంటల పోరులో అమెరికా వైపే దాదాపు 1,000 మంది పోయారు.

ఇప్పుడు కొరియాలోని ఇంచన్. అక్కడ పోటుకీ పాటుకీ తేడా 30 అడుగుల దాకా ఉంటుంది, పాటులో కనుచూపు మేర బురదే. కొరియా యుద్ధంలో అమెరికా మెరైన్లు అక్కడ దిగింది 1950 సెప్టెంబరు 15న. అమావాస్య 12న. సూత్రం సరిపోయిందా? ఉదయం 6:30కి పోటు మీద ఒక బెటాలియన్ వోల్మిడో దీవిలో దిగింది. నీళ్లు తీశాక సాయం రావడానికి దారి లేదు. మళ్లీ పోటు వచ్చేదాకా వాళ్లు ఒంటరే. సాయంత్రం 5:30కి మిగతావాళ్లు పడవల్లోంచి నిచ్చెనలు వేసి సముద్రపు గోడ ఎక్కారు. పేరంతా ఆ దాడి నడిపిన జనరల్ మెకార్థర్‌కు వచ్చింది. నన్నడిగితే సగం మార్కులు పోటు లెక్కలు కట్టినవాళ్లకే వేస్తాను.

అభ్యాసం: 1944 జూన్ 6, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ. అక్కడ దిగిన మిత్రసేనల్లో బ్రిటన్ మెరైన్లు కూడా ఉన్నారు. ఆ రోజు పౌర్ణమి. అయినా నిండు పోటు కోసం ఆగకుండా, పాటు అయిపోయి నీళ్లు ఎక్కడం మొదలైనప్పుడే దిగారు. ఎందుకో రాయండి. జర్మన్లు ఇనప అడ్డంకులు పాతింది నిండు పోటులో మునిగిపోయేచోట.