వార్డులో హ్యాండ్ రబ్ (చేతులకు రాసుకునే ఆల్కహాల్ మందు) ఉంది, చేతుల శుభ్రత ఆడిట్‌లో టిక్కులున్నాయి, ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గట్లేదా?

సమస్య: స్టాఫ్ హ్యాండ్ రబ్ వాడట్లేదు

ముందు ప్రతి బాటిల్ పంపు నొక్కి చూడండి. దూరం నుంచి చూసి "ఉంది కదా" అనుకోవద్దు. బాటిల్ ఖాళీ అయి ఉంటుంది, లేదంటే నాజిల్ పూడుకుపోయి చుక్క కూడా రాదు. ఈ ఒక్కటి చూడకుండా స్టాఫ్‌ను కూర్చోబెట్టి క్లాసులు పీకిన వార్డులు ఎన్నో చూశాను.

బాటిల్ నర్సింగ్ స్టేషన్‌లో ఉంటే లేనట్టే లెక్క. నైట్ డ్యూటీలో ఇరవై బెడ్లు చూసే సిస్టర్‌ని ప్రతిసారీ అక్కడిదాకా నడవమనడం న్యాయం కాదు. పేషెంట్ పక్కన నిలబడి చెయ్యి చాపితే అందాలి. మంచం కాళ్ల వైపు కడ్డీకి హోల్డర్ బిగించండి, డ్రెస్సింగ్ ట్రాలీ మీద ఒకటి పెట్టండి. ఖాళీ బాటిల్ ఏ షిఫ్టులో ఎవరు మార్చాలో పేరు రాసి పెట్టండి.

సమస్య: ఆడిట్ బాగుంది, ఇన్ఫెక్షన్లు అలాగే ఉన్నాయి

గ్లౌజులు చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఒక ఐసీయూలో యూరిన్ కల్చర్లలో (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షల్లో) ఒకే క్రిమి ఒకరి తర్వాత ఒకరికి వస్తోంది. నా ఆడిట్ షీట్ నిండా టిక్కులే. ఒకరోజు షీట్ పక్కన పెట్టి ఊరికే నిలబడి చూశాను. సిస్టర్ గ్లౌజులు వేసుకుని నాలుగో బెడ్ యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసింది. ఐదో బెడ్ దగ్గర ఇన్ఫ్యూజన్ పంపు అలారం మోగింది. అవే గ్లౌజులతో వెళ్లి బటన్ నొక్కి, ఐవీ లైన్ సరిచేసింది. ఆమెది నిర్లక్ష్యం కాదు. చేతులకు గ్లౌజులున్నాయి కాబట్టి చేతులు శుభ్రంగానే ఉన్నాయని నమ్మింది. గ్లౌజులు కనిపిస్తే నేనూ టిక్కు పెట్టేదాన్ని.

గ్లౌజు మన చేతిని కాపాడుతుంది. పక్క బెడ్ పేషెంట్‌కి మాత్రం అదీ మురికి చెయ్యే. పైగా కంటికి కనిపించని రంధ్రాలు ఉండొచ్చు, తీసేటప్పుడు మురికి మణికట్టుకి అంటుకుంటుంది. నమ్మకపోతే గ్లౌజుల మీద కాస్త బెటాడిన్ పూసి తీసేయమనండి. మణికట్టు దగ్గర గోధుమరంగు మరక కనిపిస్తే నేను వేరే చెప్పక్కర్లేదు.

అనుమానం ఉంటే స్టోర్ ఇండెంట్ (స్టోర్ నుంచి తెప్పించిన సరుకు లెక్క) తీయండి. గ్లౌజు బాక్సులు చకచకా అయిపోతూ రబ్ బాటిళ్లు వారాల తరబడి కదలకపోతే ఇదే కారణం. వెయ్యి పేషెంట్ డేస్‌కి (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒక పేషెంట్ డే) కనీసం 20 లీటర్ల రబ్ ఖర్చవుతోందా అని, ఆసుపత్రులు తమను తాము బేరీజు వేసుకునే డబ్ల్యూహెచ్ఓ సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో అడుగుతారు. మీ లెక్క దాని పక్కన పెట్టి చూసుకోండి.

పరిష్కారం: బీపీ, పల్స్, టెంపరేచర్ చూడటానికి మామూలుగా గ్లౌజులు అక్కర్లేదు, ఆ అలవాటు మాన్పించండి. వేసుకునే ముందు రబ్, తీశాక రబ్. అదే పేషెంట్‌కైనా యూరిన్ బ్యాగ్ ముట్టుకున్నాక ఐవీ లైన్ పట్టుకోవాలంటే గ్లౌజులు తీసి, రబ్ చేసి, కొత్తవి వేసుకోవాలి. గ్లౌజుల మీదే రబ్ రాయడం పరిష్కారం కాదు. ఆడిట్ షీట్‌లో గ్లౌజులకు వేరే కాలమ్ పెట్టండి. డాక్టర్లనీ, ఆయమ్మలనీ, వార్డు బాయ్‌లనీ కూడా అందులో లెక్కించండి. 2025 మే 5న చేతుల పరిశుభ్రత దినానికి డబ్ల్యూహెచ్ఓ గ్లౌజుల విషయాన్నే ఎంచుకుందంటే ఇది ఒక్క మా వార్డు గొడవ కాదు.

సమస్య: చేతులు మండుతున్నాయంటున్నారు

సబ్బుతో కడిగి వెంటనే రబ్ రాస్తున్నారేమో అడగండి. రెండూ ఒకేసారి వద్దు. తడి చేతుల మీద రబ్ అసలే వద్దు. డ్యూటీ అయ్యాక రాసుకోవడానికి మాయిశ్చరైజర్ ఇవ్వండి. నిజమైన అలర్జీ అరుదు, ఉంటే స్కిన్ డాక్టర్‌కి చూపించి బ్రాండ్ మార్చండి.

మిగతావి: చేతికి రక్తమో మలమో కంటికి కనిపిస్తే, లేదా సి. డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల కేసైతే రబ్ చాలదు. సబ్బు, నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి. సబ్బు డబ్బాలో అడుగున మిగిలిన దాని మీద కొత్తది పోయకండి. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపండి.