పర్లాకిమిడిలో కాపురం, ఏపీ నంబరు కారు: ఆర్సీ మార్చుకోవడం ఎలా

ఏపీలోని పాతపట్నంలో ఇల్లుండి, రోజూ ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చి వ్యాపారం చేసుకునేవాళ్లకు ఆర్సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) మార్చుకునే ఈ తతంగం అక్కర్లేదు. బండి మామూలుగా ఎక్కడ ఉంటుందన్నదే లెక్క. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం వైపు కాపురం మార్చి కారు కూడా ఇక్కడే ఉంచేస్తే మాత్రం మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ పట్టుకుంటుంది. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచిన బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. 12 నెలలు నిండాక దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉంటుంది. "ఎప్పుడొచ్చారు?" అని దారిలో ఆపి అడిగితే చూపించడానికి అద్దె అగ్రిమెంటో, ఉద్యోగంలో చేరిన కాగితమో ఒక కాపీ బండిలో పెట్టుకోండి. సరిహద్దు దాటిన మర్నాడే నంబరు మార్చాలని తొందరపెట్టే ఏజెంటు మాట వినక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు మార్చే పనీ లేదు, అది దేశమంతా చెల్లుతుంది.

సునాబెడ హెచ్‌ఏఎల్‌లోనో, దమన్‌జోడి నాల్కోలోనో పనిచేస్తూ మళ్లీ బదిలీ ఉంటుందనుకునేవాళ్లు ముందు బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని 'భారత్' నంబరు) సంగతి చూడండి. 2021 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉన్న ఈ నంబరు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఇస్తారు. మొదట్లో కొత్త బండ్లకే ఉండేది, 2022 డిసెంబరు సవరణతో పాత నంబరున్న బండినీ అందులోకి మార్చుకునే వీలొచ్చింది. పన్ను రెండేళ్లకోసారి కట్టాలి, మరిచిపోతే రోజుకు 100 రూపాయల అపరాధ రుసుము. ఇక్కడే స్థిరపడేవాళ్లకు ఇది లాభం కాదు.

మిగతావాళ్ల పని ఏపీ వైపు మొదలవుతుంది. ఎన్‌ఓసీకి (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) పెట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని ఆర్సీని, ఆధార్‌ని, ఇన్సూరెన్సుని పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మనవాళ్ల దరఖాస్తులు ఒడిశా కౌంటర్లో ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే. ఆర్సీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాన్‌లో చివర. మనకు మూడూ ఒకటే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఈ తేడాను పాత ఆఫీసులోనే సరిచేయించుకోవాలి. ఎన్‌ఓసీ వచ్చాక ఆ ఆఫీసు బండి జోలికి రాదు.

రెండో చిక్కు ఛాసిస్ నంబరు. ఇందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు. ఆర్సీలో ఎక్కడైనా 'ఓ' కనిపిస్తే అది సున్నాను తప్పుగా కొట్టినట్టే. ఛాసిస్ మీద తుప్పు ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, పెన్సిల్ ప్రింటు (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) స్పష్టంగా పడేలా చూసుకోండి. ఇసుక కాగితంతో గట్టిగా రుద్దకండి. అంకెలు అరిగితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు అనుమానమొస్తుంది, ఆపై పోలీసు విచారణ దాకా పోతుంది.

తర్వాత చలానాలన్నీ కట్టేయండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ కనీసం మూడు నెలలు మిగిలుండాలి, లేకుంటే రెండు ఆఫీసుల మధ్య గడువు తీరిపోతుంది. ఫైనాన్సు తీరిపోయిన బండయితే 35వ ఫారంతో హైపోతికేషన్ (ఆర్సీలో ఉన్న అప్పు నమోదు) తీసేయించండి, ఇంకా తీరకపోతే బ్యాంకు రాతపూర్వక అనుమతి తప్పదు.

ఎన్‌ఓసీ దరఖాస్తు 28వ ఫారం. మూడు కాపీలంటారు, నాలుగు చేసుకుంటే హాయి. ప్రతి కాపీ మీదా పెన్సిల్ ప్రింటు అంటించాలి. గమ్యస్థానం దగ్గర "ఒడిశా" అని రాసి ఊరుకోకండి, ఏ ఆర్టీఓ అన్నది ఖాయంగా రాయాలి. ఆఫీసుల కోడ్‌లు ఇవి: గజపతి (పర్లాకిమిడి) 20, రాయగడ 18, కొరాపుట్ 10, మల్కన్‌గిరి 30. గంజాం జిల్లాకు రెండు కోడ్‌లున్నాయి, ఛత్రపురం ఆఫీసుది 07, భంజనగర్‌ది 32. బరంపురంలో ఉండి భంజనగర్‌కు ఎన్‌ఓసీ తెచ్చుకుంటే పని మళ్లీ మొదటికే. దాన్ని రద్దు చేయించాలంటే, ఎన్‌ఓసీ వాడుకోలేదని అవతలి ఆఫీసు నుంచి కాగితం తెచ్చి పాత ఆఫీసులో ఇవ్వాలి. ఎన్‌ఓసీ దరఖాస్తును 30 రోజుల్లో నిరాకరించకపోతే ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ చెబుతుంది. అయినా కొత్త ఆఫీసు తెరమీద ఎన్‌ఓసీ కనబడందే ఫైలు కదలదు. కాబట్టి రసీదు దాచుకుని, వాహన్ పోర్టల్‌లో (కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు) ఎక్కిందో లేదో మీరే చూసుకోండి.

మహారాష్ట్రలోని సిరోంచ, చంద్రపూర్ వైపు వెళ్లే తెలంగాణవాళ్లకూ ఇవే సెక్షన్లు, ఇవే ఫారాలు.

ఒడిశా ఆఫీసులో 27వ ఫారం, ఎన్‌ఓసీ, అసలు ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఇక్కడి చిరునామా రుజువు, పాన్, కారు కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఇవ్వాలి. కొత్త నంబరుకు కేంద్ర రుసుము కారుకు 600, బైకుకు 300. ఫైనాన్సు ఉంటే దాన్ని ఎక్కించడానికి కారుకు మరో 1,500. అసలు ఖర్చు ఒడిశా పన్ను. కొన్నప్పటి ధర మీద, బండి వయసును బట్టి తగ్గించి లెక్కగడతారు. అందుకే ఇన్‌వాయిస్ పోయినవాళ్లు ముందే షోరూం నుంచి నకలు తెచ్చుకోవడం మంచిది, లేకపోతే ఆఫీసు అనుకున్న ధరే ధర. 15 ఏళ్లు దాటి 20 ఏళ్లలోపున్న కారుకు రెన్యువల్ రుసుమే 5,000. ఫిట్‌నెస్, పన్ను కూడా కలిపి చూసుకుంటే చాలామందికి అక్కడే అమ్మేసి ఇక్కడ ఇంకోటి కొనుక్కోవడమే మేలు.

బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించే రోజున లైట్లు, హారన్, వైపర్లు పనిచేయాలి. అద్దాలకు నల్ల ఫిల్ము, ముందు బంపర్‌కు ఇనప గార్డు ఉంటే ముందురోజే తీసేయండి.

కొత్త నంబరు వచ్చాక హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేట్లు ఆర్డరు పెట్టాలి. పాత ప్లేటు లాకులు విరిగితే మళ్లీ పనికిరావు, కాబట్టి కొత్తవి చేతికొచ్చేదాకా ఇంట్లో ఊడదీయకండి. ముందు అద్దం మీద స్టిక్కరు కూడా మారుతుంది. అదే వారంలో ఇన్సూరెన్సు కంపెనీకి, ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకుకు కొత్త ఆర్సీ పంపండి. పాలసీలో పాత నంబరుండగా ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

ఇక ఏపీలో కట్టిన లైఫ్ ట్యాక్సు. మిగిలిన ఏళ్లకు కొంత వెనక్కి వస్తుంది, కొత్త ఆర్సీ చూపించాకే. దరఖాస్తుకు ఎన్‌ఓసీ నకలు, రెండు ఆర్సీల నకళ్లు, పన్ను కట్టిన రసీదు, రద్దు చేసిన చెక్కు కావాలి. పాత ఆర్సీని ఒడిశా ఆఫీసులో ఇచ్చేముందే రెండువైపులా రంగు జిరాక్సు తీసి ఉంచుకోవాలి, తర్వాత అడిగితే దొరకదు. ఆ డబ్బు నెమ్మదిగా వస్తుంది. దాన్ని నమ్ముకుని ఒడిశా పన్నుకు అప్పు చేయకండి.