గేమ్‌లో ఎక్స్‌పీ మీటర్: లెక్క కట్టడం, తెరపై చూపడం

ఎక్స్‌పీ (ఆడేకొద్దీ వచ్చే అనుభవ పాయింట్లు) ఎంత పోగైందో చూపే మీటర్ వైపు చూసే ఆటగాడు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: తరువాతి లెవల్‌కు ఇంకెంత కావాలి? తెర అడుగున ఉండే ఆ సన్నని పట్టీ ఈ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాలంటే, రంగులూ మెరుపులూ ఎంచుకోవడానికి ముందే లెక్క సరిగ్గా కుదరాలి.

సేవ్ ఫైల్‌లో మొత్తం ఎక్స్‌పీని మాత్రమే భద్రపరచండి. లెవల్‌నూ, మీటర్ నిండిన శాతాన్నీ దాని నుంచే ఎప్పటికప్పుడు రాబట్టవచ్చు. మూడింటినీ విడివిడిగా దాచుకుంటే, లెవల్ పట్టికను మార్చిన రోజున వాటికి ఒకదానితో ఒకటి పొంతన కుదరదు.

ఎక్కువమంది పొరబడేది భాగహారం దగ్గర. పోకెమాన్ గేముల్లో ఒక వర్గానికి చెందిన పోకెమాన్లకు లెవల్ సంఖ్య ఘనమే ఆ లెవల్‌కు కావలసిన మొత్తం ఎక్స్‌పీ. అంటే 20వ లెవల్‌కు 8,000, 21వ లెవల్‌కు 9,261. అదే సూత్రం మీ గేమ్‌లో ఉందనీ, ఆటగాడి దగ్గర 8,500 ఎక్స్‌పీ ఉందనీ అనుకుందాం. 8,500ను నేరుగా 9,261తో భాగిస్తే దాదాపు 92 శాతం వస్తుంది, కానీ అది తప్పు. రెండు సంఖ్యల నుంచీ ప్రస్తుత లెవల్ మొదలైన 8,000ను తీసివేయాలి. అప్పుడు 1,261లో 500, అంటే సుమారు 40 శాతం. తీసివేత మరచిపోయిన మీటర్ లెవల్ పెరిగిన క్షణంలోనే 86 శాతం నిండి కనిపిస్తుంది, ఆ తరువాత ఎంత ఆడినా కదలనట్టే ఉంటుంది.

ఒకే బహుమతితో రెండు మూడు లెవళ్లు దాటే సందర్భాన్ని కూడా ముందే ఆలోచించాలి. ప్రస్తుత లెవల్‌కు 100, తరువాతి వాటికి 150, 200 కావాలనుకోండి. 80 దగ్గర ఉన్న ఆటగాడికి 250 వస్తే మొత్తం 330. మొదటి 100, ఆపై 150 పోగా 80 మిగులుతుంది. కాబట్టి పట్టీ రెండుసార్లు పూర్తిగా నిండి ఖాళీ అయి, మూడోసారి 40 శాతం దగ్గర ఆగాలి. 80 శాతం నుంచి వెనక్కి జారి 40కి చేరిందంటే, ఎక్స్‌పీ పోయిందేమోనని ఆటగాడు కంగారు పడతాడు.

పట్టీ పొడవు అన్ని లెవళ్లకూ ఒకటే అయినా, దాని వెనుక ఉన్న శ్రమ ఒకటి కాదు. రూన్‌స్కేప్‌లో 99వ లెవల్‌కు 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. అందులో సగం పూర్తయ్యేది 92వ లెవల్ దగ్గర. ఇలాంటి చోట పట్టీ పక్కన అంకెలు తప్పనిసరి. పట్టీని గళ్లుగా విడగొట్టడం కూడా మంచి ఉపాయమే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తన పట్టీని 20 గళ్లుగా చూపించింది. లెవల్ ఇంకా దూరంగా ఉన్నా, ఒక గడి నిండితే చాలు, ఈ పూటకు ఆపవచ్చుననిపిస్తుంది.

సంపాదించిన లెవళ్లనే డబ్బులా ఖర్చుపెట్టే గేమ్ అయితే జాగ్రత్త మరింత అవసరం. మైన్‌క్రాఫ్ట్‌లో సున్నా నుంచి 3వ లెవల్‌కు చేరడానికి 27 పాయింట్లు చాలు, 27 నుంచి 30కి చేరాలంటే 306 కావాలి. రెండుచోట్లా ఆటగాడికి కనిపించేది మూడు లెవళ్లే. నా మటుకు, ఖర్చుకు వేరే నాణేన్ని పెట్టి మీటర్‌ను దాని మానాన వదిలేయడమే మేలనిపిస్తుంది.

చివరి లెవల్‌కు తరువాతి హద్దు ఉండదు కనుక అక్కడ భాగహారం చేయకుండా, పట్టీని నిండుగా ఉంచండి లేదా పూర్తిగా తీసేయండి.

పరీక్షించేటప్పుడు హద్దుకు ఇరువైపులా ఉన్న విలువలను ఇచ్చి చూడండి: పై సూత్రానికైతే 7,999, 8,000, 8,001. వీటిలో 7,999 దగ్గర నిజమైన విలువ 99.9 శాతం, దాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే తెరపై 100 పడుతుంది, లెవల్ మాత్రం 19 దగ్గరే ఉంటుంది. అందుకే శాతాన్ని ఎప్పుడూ కిందికే సవరించాలి.