ఆ వేలికి బ్లేడు తగలనివ్వకండి

గత వారం బెంగళూరు మారతహళ్లిలోని పీజీ హాస్టల్లో ఉండే ఒక తెలుగమ్మాయి మేం పనిచేసే డ్రెస్సింగ్ గదికి వచ్చింది. చూపుడువేలి చివర ఎర్రబడి పొక్కులు లేస్తే, గది స్నేహితులు గోరుచుట్టు అన్నారు. నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడిగారు. తగ్గలేదు. వీధి చివరి క్లినిక్కులో చీము పట్టిందని కోసేశారు. చీము రాలేదు, రక్తం కలిసిన నీరు మాత్రం వచ్చింది. నాలుగైదు రోజులకు కోసిన చోట బ్యాక్టీరియా చేరి నిజంగానే చీము పట్టింది. చంకలో బిళ్ల కట్టింది, జ్వరం కూడా తగిలింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అని ఊరికే అనలేదు.

అది మామూలు గోరుచుట్టు కాదు. పెదవి అంచున జ్వరపు పొక్కులు తెప్పించే హెర్పిస్ సింప్లెక్స్ వైరసే వేలికి పాకింది. డాక్టర్లు దీన్ని హెర్పెటిక్ విట్లో అంటారు. పేరు విని సిగ్గుపడేవాళ్లు, ఇంట్లో దాచేవాళ్లు చాలామంది. అందులో దాచాల్సింది ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం యాభై ఏళ్లలోపు వారిలో దాదాపు 380 కోట్ల మందిలో ఈ వైరస్ మొదటి రకం (HSV-1) ఉంది.

బడులు, క్రెష్‌లు తెరిచే రోజులు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. చేతులు కడుక్కోవాలని మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: ఆ వేలిని కోయకండి, కోయనివ్వకండి.

గుర్తుపట్టడం ఎలా? వైరస్ ఒంట్లో చేరిన రెండు రోజుల నుంచి మూడు వారాల లోపు వేలు చిమచిమలాడుతుంది, మండుతుంది. పైకి కనిపించేదానికీ నొప్పికీ పొంతన ఉండదు. అంత చిన్న మచ్చకు రాత్రంతా నిద్ర ఉండదు. తర్వాత ఎర్రటి చర్మం మీద ఉడికిన సగ్గుబియ్యంలా చిన్న పొక్కులు గుంపుగా లేస్తాయి. మొదట లోపలి నీరు తేటగా ఉంటుంది. కొన్నాళ్లకు తెల్లబారి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు చూస్తే అచ్చం చీములాగే ఉంటుంది. అందరూ మోసపోయేది అక్కడే. చీముగడ్డ అయితే వేలి కొస మొత్తం బిగుసుకుని రాయిలా గట్టిపడుతుంది. దీనిలో కొస సాధారణంగా మెత్తగానే ఉంటుంది. అయితే ఈ తేడా చదివి ఇంట్లోనే తీర్పు చెప్పకండి. నిజంగా చీముగడ్డ అయితే డాక్టరు కోసి తీయాల్సిందే, ఆలస్యం చేస్తే ఎముకకు పాకుతుంది. మీరు చేయాల్సిందల్లా, కత్తి పట్టుకున్న వారిని ముందు ఒక్క మాట అడగడం: ‘ఇది వైరస్ కాదని తేల్చుకున్నారా?’ అనుమానం ఉంటే పొక్కు నీటిని, వైరస్ జాడ తేల్చే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. అలా అడిగినందుకు కసురుకునే చోట నుంచి లేచి వచ్చేయండి.

కోస్తే ఏమవుతుందంటే, వైరస్ చుట్టుపక్కల చర్మానికి పాకుతుంది, తెరిచిన గాయంలోకి బ్యాక్టీరియా దూరుతుంది. వారాల్లో మానాల్సినదానికి ఇంకా చాలా రోజులు పట్టవచ్చు. కోయకుండా వదిలేస్తే చాలామందికి రెండు మూడు వారాల్లో చెక్కుకట్టి దానంతట అదే మానుతుంది. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ వంటి మాత్రలు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం. మోతాదు డాక్టరే చెప్పాలి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది మారుతుంది.

ఎవరికి వస్తుంది? నోట్లో పుండ్లతో వేలు చీకే పిల్లలకు. గోళ్లు కొరికేవాళ్లకు. గ్లవ్స్ లేకుండా రోగి నోట్లో చెయ్యి పెట్టే నర్సులకు, దంతవైద్యులకు. పెదవి మీద పుండు కనిపించకపోయినా లాలాజలంలో వైరస్ ఉండవచ్చు, కాబట్టి ‘చూసి గ్లవ్స్ వేసుకుంటాను’ అనడం కుదరదు. ఇక అమ్మలకు: నోరంతా పూసిన పిల్లకు గోరుముద్దలు తినిపించేటప్పుడు మీ గోటి పక్కన చర్మం లేచి ఉంటే చాలు, దారి దొరికినట్టే. నోరు తగ్గేదాకా చెంచా వాడండి. మెజెస్టిక్ బస్సులో కడ్డీ పట్టుకుంటే వస్తుందా అని ఒకాయన అడిగారు. ఆ భయం అక్కర్లేదు. చెక్కుచెదరని చర్మంలోంచి ఇది లోపలికి పోదు. పుండుకు, లాలాజలానికి నేరుగా తగలడమే ముఖ్యమైన దారి.

ఇక వచ్చినవాళ్లు వినండి.

పొక్కులను సూదితో గుచ్చకండి. పిన్నీసు నిప్పులో కాల్చినా సరే, గుచ్చకండి.

నిమ్మకాయ వద్దు. పసుపు, సున్నం, ఎర్రమన్ను వద్దు.

మందుల షాపులో ఇచ్చే ట్యూబులు రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, వైరస్‌కు అది మేలు చేస్తుంది, మీకు కాదు. యాంటీబయాటిక్ కూడా వైరస్ మీద పనిచేయదు.

పొడి గాజుగుడ్డ వదులుగా చుట్టి ఉంచండి. పొక్కులన్నీ చెక్కుకట్టి మానేదాకా వైరస్ ఇతరులకు అంటుతుంది.

కాంటాక్ట్ లెన్సులు ముట్టకండి, కళ్లజోడు పెట్టుకోండి. కళ్లు నులమకండి. ఈ వైరస్ కంటిపాప మీది పొరకు పట్టిందంటే చూపు పోయే ప్రమాదం ఉంది.

నెలలోపు పసిబిడ్డ దగ్గరికి పోకండి. నూనె రాసి కాళ్లమీద వేసుకుని స్నానం చేయించే అమ్మమ్మకు వేలు ఇలా ఉంటే ఆ పని మరొకరు చేయాలి. అమ్మమ్మ నొచ్చుకుంటుందని మొహమాటపడకండి. పసిబిడ్డకు ఇది ప్రాణాంతకం కావచ్చు.

ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న పిల్లలను తాకకండి.

రోగులను చూసే పనిలో ఉంటే సెలవు పెట్టండి. గ్లవ్స్ వేసుకుంటానని సర్దిచెప్పుకోకండి.

తువ్వాలు మీది మీరే వాడండి. పీజీలో ఉంటే గోళ్ల కత్తెర కూడా.

ఆఫీసులో హాజరుకు వేరే వేలు నమోదు చేయించుకోండి.

చక్కెర వ్యాధి, క్యాన్సర్ చికిత్స, గర్భం: వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించడానికి రెండో రోజు దాకా ఆగకండి.

మళ్లీ చెబుతున్నాను, కోయనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లు అన్నా, ఊరి నుంచి ఫోనులో మామయ్య చెప్పినా కోయనివ్వకండి.

మానాక వైరస్ నరాల మూలాల్లో దాక్కుంటుంది. కొందరికి అదే చోట మళ్లీ లేస్తుంది, సాధారణంగా మొదటిసారి కంటే తక్కువగా. డాక్టరు రాసిచ్చిన పాత చీటీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. చిమచిమ మొదలైన రోజే డాక్టరుకు చూపించండి. ముంజేతి మీదుగా ఎర్రటి చార పైకి పాకినా, కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోయినా, ఇంట్లో పసికందుకు జ్వరం వచ్చినా పాలు తాగకపోయినా, తెల్లవారేదాకా చూడకుండా ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లండి.