ఇంజిన్ మార్చిన పాత కారు: ఆర్‌సీలో నమోదు, ముందు స్ప్రింగుల ఎంపిక

పద్మినికో అంబాసిడర్‌కో వేరే ఇంజిన్ ఎక్కించాలనుకుంటే ముందు వెళ్లాల్సింది ఆర్టీఓ ఆఫీసుకు, ఆ తర్వాతే షెడ్డుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అదే మోడల్‌కు కంపెనీయే బిగించిన ఇంజిన్ అయితే అనుమతి అడగడం తేలిక. అంబాసిడర్‌కు 1.8 లీటర్ ఇసుజు అలాంటిదే.

దరఖాస్తుతో ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇంజిన్ కొన్న బిల్లు పెట్టండి. బిల్లు లేని ఇంజిన్ ఎంత చవకగా వచ్చినా కొనకండి, అది దొంగ బండిది కాదని చూపేది ఆ కాగితమే. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా కావాలి.

ఆర్‌సీలో ఖాళీ బండి బరువు కూడా ఉంటుంది కాబట్టి పాత ఇంజిన్ దించకముందే తూకం వేయించండి. మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి ఇంకోసారి. కొత్తది బిగించాక, ట్యాంకులో అంతే పెట్రోలు ఉంచి, మళ్లీ అలాగే. స్ప్రింగులు ఎంచుకోవడానికి ఆధారం ఈ చీటీలే. ఇంజిన్ పెద్దది కదా అని అంచనాతో కొనేస్తే కారు ముక్కు పైకి లేచి, గుంతల్లో ఎత్తేస్తుంది.

పద్మిని ముందు కాయిల్ స్ప్రింగులుంటాయి. ముందు 40 కిలోలు పెరిగాయనుకోండి, చక్రానికి 20. చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు స్ప్రింగు సరిగ్గా మధ్యలో కూర్చుంటే, లీవరు లెక్కన దాని మీద పడేది రెట్టింపు, అంటే 40 కిలోలు. మిల్లీమీటరుకు 8 కిలోలు మోసే స్ప్రింగు 5 మి.మీ. నొక్కుకుంటుంది, కారు ముందు భాగం 10 మి.మీ. దిగుతుంది. ఇంత తేడాకు స్ప్రింగు చివర పెట్టే 5 మి.మీ. ప్యాకింగ్ బిళ్ల చాలు. అంతకు బాగా మించితేనే లావు తీగ స్ప్రింగు చూడండి. అదీ జాగ్రత్తగానే: చుట్లు, వ్యాసం మార్చకుండా తీగను 12 మి.మీ. నుంచి 13కు పెంచితేనే గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది. ఎత్తు తగ్గించడానికి గ్యాస్‌తో చుట్లు కోయించడం మాత్రం వద్దు. అంబాసిడర్‌కు ముందు కాయిల్ స్ప్రింగులకు బదులు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి, ఎత్తును అక్కడే సర్దుకోవచ్చు.

బిగింపు అయ్యాక బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, కొత్త ఇంజిన్ నంబరు, సీసీ, బరువు ఆర్‌సీలో ఎక్కించుకోండి. ఆ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకీ పంపండి.

బండికి 50 ఏళ్లు దాటి, వీఏ సిరీస్ వింటేజ్ నంబరు (పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్ నంబరు) మీద ఆశ ఉంటే ఇంజిన్ జోలికి పోవద్దు. 2021 నిబంధనలు ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసిన బండిని వింటేజ్‌గా ఒప్పుకోవు.